ఎఫ్1 డ్రైవర్ గొప్పా, ర్యాలీ డ్రైవర్ గొప్పా?

నెల్లూరు_టర్బో:
నిన్న సాయంత్రం ట్రంక్ రోడ్డులో టీ తాగుతూ నలుగురం ఈ మాట మీద గంటన్నర వాదించుకున్నాం, తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా. నా లెక్కలో ఫార్ములా వన్‌ను మించిన డ్రైవింగ్ లేదు. గట్టిగా బ్రేక్ తొక్కితే తల బరువు ఐదింతలై మెడను ముందుకు లాగుతుంది. ఆ స్థితిలో గంటన్నర సేపు, ల్యాపు ల్యాపుకీ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) సెకనులో పదో వంతు కూడా జారకుండా నడపాలి. ప్రపంచం మొత్తానికీ ఇరవై పైచిలుకు సీట్లు. వాటిలో కూర్చున్నవాళ్లకంటే బాగా నడిపేవాళ్లు ఇంకెక్కడ ఉంటారు?

నల్లమల_లారీ:
తమ్ముడూ, కిమీ రైకోనెన్ 2007లో ఎఫ్1 చాంపియన్. 2010, 2011లో సిట్రోయెన్ కారుతో ప్రపంచ ర్యాలీకి వచ్చాడు. ఆ రెండేళ్లలో అతనికి దక్కిన పెద్ద ఫలితం 2010 టర్కీ ర్యాలీలో ఐదో స్థానం. అదీ తేడా. ఎఫ్1లో ఒకే మలుపు యాభై అరవై సార్లు వస్తుంది, మొదట తప్పినా తర్వాత దిద్దుకోవచ్చు. ర్యాలీలో ఆ మలుపు ఒకసారి, మహా అయితే రెండుసార్లు. కింద కంకరో మంచో. పక్క సీట్లో మనిషి చదివే నోట్సును నమ్మి, కంటికి కనపడని మలుపులోకి కారు తోయాలి. నేను ఇరవై రెండేళ్లు లారీ తోలినవాణ్ణి. నంద్యాల నుంచి బియ్యం లోడుతో గిద్దలూరు వైపు కనుమ దిగేటప్పుడు, తొలి వాన పడి తారు మీద దుమ్ము జిగురులా మారిన రోజున, క్లీనర్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచే మాటే నాకు నోట్సు.

కావలి_కుర్రోడు:
జాన్ సర్టీస్ బైకుల మీదా ప్రపంచ చాంపియనే, 1964లో ఎఫ్1 లోనూ చాంపియనే. ఆ రెండూ గెలిచింది ఆయనొక్కడే. ఆయన్ని ఏ లెక్కలో వేస్తారు?

నెల్లూరు_టర్బో:
అన్నా, ర్యాలీలో పుట్టి పెరిగినవాళ్ల మధ్యలోకి వచ్చి మొదటి ఏడాదే ఐదో స్థానం తెచ్చుకోవడం తక్కువా? మరి సెబాస్టియన్ లోబ్ సంగతి? తొమ్మిదిసార్లు ర్యాలీ చాంపియన్, 2004 నుంచి 2012 దాకా వరసగా. ఎఫ్1లో ఒక్క రేసు కూడా నడపలేదు.

నల్లమల_లారీ:
నడపలేదు కాదు, నడపనివ్వలేదు. 2009లో అబుదాబీ రేసుకు సిద్ధమైతే సూపర్ లైసెన్స్, అంటే ఎఫ్1 నడపడానికి కావాల్సిన అనుమతి, ఇవ్వలేదు. అంతకుముందు ఏడాది బార్సిలోనా టెస్టులో రెడ్ బుల్ జట్టు ఎఫ్1 కారెక్కి, పదిహేడు మందిలో ఎనిమిదో టైమ్ పెట్టాడు. 2006లో లె మాన్ 24 గంటల రేసులో రెండో స్థానం. మొదట ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్న మనిషి అతను.

నెల్లూరు_టర్బో:
టెస్టు రోజు ఎవరి ట్యాంకులో ఎంత ఇంధనం ఉందో మనకు తెలియదు. పది కిలోలు ఎక్కువుంటే ల్యాపుకు సెకనులో దాదాపు మూడు పదో వంతులు పోతాయి. ఆ ఎనిమిదో స్థానాన్ని సాక్ష్యంగా తేకండి.

నల్లమల_లారీ:
నువ్వు మాత్రం ఆ ఐదో స్థానాన్ని ఎలా తెస్తున్నావు? ర్యాలీలో కార్లు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయి, కొన్నిట్లో ముందు వెళ్లిన కారు వదులు కంకరను ఊడ్చి పెడుతుంది, వెనకవాడికి దారి బాగుంటుంది. అది లెక్కలోకి రాదా?

నెల్లూరు_టర్బో:
ఐదో స్థానం తెచ్చింది మీరే అన్నా, నేను కాదు.

ఒంగోలు_గిత్త:
మా వైపు తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీ చూడండి. వాటి పళ్లను బట్టి విభాగాలు పెట్టి, ఒక్కో విభాగానికీ ఒకే బరువు బండ, ఒకే సమయం ఇస్తారు. ఎన్ని అడుగులు లాగిందన్నదే తీర్పు. డ్రైవర్లకూ అలాంటిది ఉంది, రేస్ ఆఫ్ చాంపియన్స్. అందరికీ ఒకే రకం కార్లు. అందులో లోబ్ వ్యక్తిగతంగా నాలుగుసార్లు గెలిచాడు. జట్ల పోటీలో ఎఫ్1 చాంపియన్లు షూమాకర్, వెటెల్ కలిసి జర్మనీకి 2007 నుంచి 2012 దాకా వరసగా కప్పు తెచ్చారు. అక్కడ ర్యాలీవాళ్లూ గెలిచారు, ఎఫ్1 వాళ్లూ గెలిచారు, మీ ఇద్దరి వాదనకూ తీర్పు దొరకదు.

నెల్లూరు_టర్బో:
స్టేడియంలో రెండు నిమిషాల పరుగును నేను లెక్కలోకి తీసుకోను. ఎద్దుల పోటీ వేరు. లారీ తోలడం అంతకన్నా వేరు. దాన్ని రేసింగ్‌తో పోలుస్తుంటే చర్చ ఎక్కడికీ పోదు.

నల్లమల_లారీ:
ఈ మాట నాకు కొత్త కాదు. ఆరేళ్ల కింద ఒక కంపెనీలో కారు డ్రైవర్ పనికి వెళ్లాను. కుర్చీలోని కుర్రాడు నా హెవీ లైసెన్సు తిప్పి చూసి, లారీ తోలినవాళ్ల చేతికి కారు ఇవ్వం, నైపుణ్యం ఉండదు అన్నాడు. ఒక్క చక్కరు కూడా నడిపి చూపనివ్వలేదు. లోబ్‌కు లైసెన్సు ఇవ్వలేదని చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు నాకు. నీకు అది పాత వార్త కావచ్చు.

కావలి_కుర్రోడు:
ఇద్దరూ కాస్త చల్లబడండి.

నెల్లూరు_టర్బో:
అన్నా, మిమ్మల్ని తక్కువ చేయాలని రాయలేదు. కానీ నా సంగతీ వినండి. పందొమ్మిదేళ్లప్పుడు ప్రతి ఆదివారం తెల్లవారుజాము రైలెక్కి చెన్నై వెళ్లి కార్టింగ్ (చిన్న రేసు బండ్ల పోటీ) చేసేవాణ్ణి. అద్దె కార్టులో మా బ్యాచ్‌లో నాదే మంచి టైమ్, కాగితం మీద అచ్చు వేసి ఇచ్చేవాళ్లు. సొంత కార్టు, టైర్లు, మెకానిక్ అనేసరికి మా నాన్న చేతులెత్తేశాడు. పక్క లేన్‌లో నాకన్నా నాలుగు పదో వంతులు వెనకున్న కుర్రాడు పై పోటీలకు వెళ్లాడు. ఆ కాగితాలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. నాకు దక్కింది ఆ అంకెలే. గడియారంతో కొలవనిదాన్ని నైపుణ్యం అని ఒప్పుకుంటే, ఇక నేను బాగా నడిపానని చెప్పడానికి నా దగ్గర ఏం మిగులుతుంది?

నల్లమల_లారీ:
నీకు కొలిచారు, ముందుకు పోనివ్వలేదు. నాకు కొలవనే లేదు. ఇప్పుడర్థమైంది మనిద్దరి గొడవ ఎఫ్1 గురించి కాదని. కానీ తమ్ముడూ, కొలవకపోయినా పని ఉంటుంది. ఇరవై రెండేళ్లలో కనుమలో ఒక్క మనిషికీ దెబ్బ తగలనివ్వలేదు నేను.

ఒంగోలు_గిత్త:
నరేన్ కార్తికేయన్ 2005లో ఎఫ్1కి వెళ్లినప్పుడు మనవాడని పండగ చేసుకున్నాం. అతని నాన్న కూడా ర్యాలీ డ్రైవరే. ఇంట్లో ఆ దారి తెలిసినవాళ్లు ఉండటం ఎంత తేడా తెస్తుందో ఈ చర్చ చదివాక తెలిసింది.

నెల్లూరు_టర్బో:
నా వాదన మారలేదు అన్నా, ఎఫ్1 ఎఫ్1 యే. కానీ ఒకటి అడుగుతా. కనుమ దిగేటప్పుడు ఏ గేరులో దిగుతారు? మధ్యలో వేగం ఎక్కువైందనిపిస్తే కింది గేరుకు మార్చుకోవచ్చు కదా?

నల్లమల_లారీ:
లోడుతో అయితే రెండో గేరు. మధ్యలో మార్చడం కుదరదు. గేరు తీసిన ఆ క్షణంలో ఇంజన్ పట్టు పోతుంది, బండి వేగం అందుకుంటుంది, కింది గేరు ఇక పడదు. అప్పుడు మిగిలేది బ్రేకు ఒక్కటే. నాలుగు మలుపులు తొక్కేసరికి లైనింగ్ కాలిన వాసన క్యాబిన్‌లోకి వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది. అందుకే కనుమ నెత్తిన, బండి ఇంకా సమంగా ఉన్నప్పుడే ఆగి గేరు వేసుకోవాలి.