కొర్రమీను ఫ్రాగ్‌లతో వాల్‌ఐ చేప పడుతదా? మే నెలల అమెరికాల మిన్నెసోటా పోతున్న, ఏమేం తీస్కపోవాలె

గాలం_గచ్చిబౌలి:
అన్నలూ, మే మూడో వారంల మా అక్కోళ్ళ దగ్గరికి మినియాపోలిస్ పోతున్న, జూన్ ఆఖరిదాంక అక్కడనే ఉంట. బావ ఆఫీసుల ఒకాయనకు బోటు ఉందంట, మిల్ లాక్స్ చెరువుకు తీస్కపోత అన్నడు, అక్కడ అందరు వాల్‌ఐ కోసమే పోతరంట. నేనేమో ఇక్కడ చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు కొర్రమీనుకే గాలం వేస్త, నా బాక్సుల ఉన్నయన్నీ సాఫ్ట్ ఫ్రాగ్‌లు (మెత్తటి కప్ప ఎరలు), రెండు మూడు స్పిన్నర్‌బెయిట్‌లు (తిరిగే రేకులున్న ఎరలు), బేట్‌కాస్టర్ రీలు మీద 50 పౌండ్ల బ్రెయిడ్ దారం. వీడియోలు చూస్తే ఒకడు జిగ్ (తలకాయకు బరువున్న కొక్కెం) అంటడు, ఒకడు జలగ అంటడు, ఇంకొకడు క్రాంక్‌బెయిట్ (చేప లెక్కుండే గట్టి ఎర) లేకుంటే పోనే పోవద్దంటడు. ఏది ఎప్పుడు వెయ్యాలె, ఇక్కడ్నించి ఏం తీస్కపోవాలె, అక్కడ ఏం కొనాలె, తెలిసినోళ్ళు జర చెప్పున్రి.

మంజీరా_ఒడ్డు:
తమ్మీ, నేను అక్కడ కొన్నేండ్లు ఉండి వచ్చిన. వాల్‌ఐకి ఫ్రాగ్ పనికిరాదు. కొర్రమీను గాలి పీల్చనీకి పైకి రావాల్సిన చేప, గుర్రపుడెక్క సందులల్ల నక్కి ఉంటది, పిల్లలకు కాపలా ఉన్నప్పుడైతే పైన ఏం కదిలినా మీదపడి కొడ్తది, అందుకే మనకు ఫ్రాగ్ పనిచేస్తది. వాల్‌ఐ ఎక్కువ అడుగు పట్టుకొని తిరుగుతది. కాబట్టి రంగు, కంపెనీ అన్నీ తర్వాత, ముందు నీ ఎర అడుగు దగ్గర ఉందా లేదా చూస్కో. ఇంకోటి దాని కండ్లు, వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటది, రాత్రి టార్చ్ కొడితే పిల్లి కండ్ల లెక్క మెరుస్తయి. అందుకే పొద్దు గూకేటప్పుడు, తెల్లారేటప్పుడు ఒడ్డు దిక్కు రాళ్ళల్లకు వచ్చి తింటది, ఎండ ఎక్కితే లోతుకు పోతది. మబ్బు పట్టి గాలికి అలలు లేస్తే పగటిపూట గూడ మంచిగ పడుతది, ఆ అలలను అక్కడోళ్ళు వాల్‌ఐ చాప్ అంటరు.

నువ్వు పోయే టైంకు గుడ్లు పెట్టుడు అయిపోయి ఉంటది, నీళ్ళు ఇంకా సల్లగనే ఉంటయి, 6 నుంచి 12 అడుగుల లోతుల చూడున్రి. అప్పుడు జిగ్‌కు మిన్నో, అంటే ఎరకు వాడే చిన్న చేప, గుచ్చి వేసుడే అన్నిటికన్న మేలు. జిగ్ 1/8 ఔన్స్ చాలు, గాలి గట్టిగుంటే 1/4. షైనర్ అని వెండి రంగు చిన్న చేపలు అమ్ముతరు, నోట్లకెళ్ళి గుచ్చి తల వెనక నుంచి ముల్లు బయటికి తియ్యాలె. కిందికి ఇడిచినంక అడుగు తగలంగనే దారం సడలుతది, జానెడు లేపు, మళ్ళ దింపు, ఆపు. ఆపిన కాడనే అందుకుంటది. కొర్రమీను కొట్టినట్టు నీళ్ళు ఎగిరిపడవు తమ్మీ, చేతికి టక్కుమని తగుల్తది, ఒక్కోసారి అది గూడ ఉండదు, ఊకె బరువెక్కినట్టు అనిపిస్తది, వెంటనే గుంజాలె. 50 పౌండ్ల బ్రెయిడ్‌తోని అంత చిన్న జిగ్ సక్కగ దిగదు, ఆ టక్కు తెల్వదు. మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్, 2500 రీలు, 10 పౌండ్ల బ్రెయిడ్, ముందట 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (కొక్కెం దిక్కు కట్టే దారం ముక్క), ఇవి పెట్టుకో, పైసలు పెడితే వీటికే పెట్టు.

బెండు_కదిలింది:
పైన అన్న చెప్పింది మే నెలకి కరెక్ట్ అండి, జూన్‌లో నీళ్ళు వేడెక్కాక లెక్క మారుతుంది, అప్పుడు జలగలు, లావుపాటి వానపాములు బాగా పనిచేస్తాయి. జలగ అనగానే వెనక్కి తగ్గకండి, బెయిట్ షాపుల్లో అమ్మే రిబ్బన్ జలగ మన రక్తం తాగే రకం కాదు. వెడల్పుగా ఉన్న చివర అతుక్కునే గుండ్రటి భాగం ఉంటుంది, ముల్లు అక్కడే ఒక్కసారి గుచ్చాలి, అప్పుడు బారుగా సాగి ఈదుతూ ఉంటుంది. చల్లటి నీళ్ళలో అదే జలగ ముడుచుకుపోయి కదలదు, మేలో మిన్నో, జూన్‌లో జలగ అనేది అందుకే. జారే బెండు పెట్టి, ఎర చెరువు అడుగుకి ఓ అడుగు పైన ఉండేలా ముడి వేసుకుంటే చాలు.

అలాగని లూర్‌లని (ప్రాణం లేని ఎరలని) తీసిపారేయకండి, సాయంత్రం ఒడ్డున నిలబడి వేయడానికి నేనైతే సన్నటి క్రాంక్‌బెయిటే అంటాను. రపాలా వాళ్ళ ఒరిజినల్ ఫ్లోటర్ ఉంది కదా, ఫిన్లాండ్‌లో లౌరి రపాలా 1936లో బెరడుతో చెక్కిన దాని నుంచి వచ్చిందే, నెమ్మదిగా లాగాలి, మధ్యమధ్యలో ఆపాలి. నీళ్ళు తేటగా ఉంటే వెండి రంగు లేదా పెర్చ్ రంగు, ఎందుకంటే అక్కడ వాల్‌ఐ ఎక్కువగా తినేది పెర్చ్ అనే చేప పిల్లల్నే. నీళ్ళు మసగ్గా ఉంటే నారింజ, చిలకపచ్చ.

గాలం_గచ్చిబౌలి:
చాన థ్యాంక్స్ అన్నా, ఇప్పుడు సమజైంది. మరి నా స్పిన్నర్‌బెయిట్‌లు, ఫ్రాగ్‌లు మొత్తానికే ఇడిచిపెట్టి పోవాల్నా? జిగ్‌లు ఇక్కడ కొనాల్నా, అక్కడనా?

కూకట్‌పల్లి_కొక్కెం:
స్పిన్నర్‌బెయిట్‌లు పెట్టుకో భయ్యా, అక్కడి చెరువులల్ల నార్తర్న్ పైక్ అనే చేప ఉంటది, వాటిని గట్టిగ కొడ్తది, పండ్లు పదును కాబట్టి దానికి మాత్రం వైరు లీడర్ కట్టు. ఫ్రాగ్‌లు గూడ ఒకటి రెండు వేస్కో, తామరాకులున్న చిన్న చెరువు దొరికితే లార్జ్‌మౌత్ బాస్ అనే చేప వాటికి వస్తది, నీ 50 పౌండ్ల బ్రెయిడ్ అక్కడ అక్కరకొస్తది. కొక్కేలున్నయన్నీ చెకిన్ బ్యాగులనే పెట్టు. జిగ్‌లు అక్కడనే కొను, సీసం కాకుండ టంగ్‌స్టన్‌వి తీస్కో. లూన్ అని అక్కడి రాష్ట్ర పక్షి, సీసం ముక్క మింగితే ఆ విషానికి సచ్చిపోతది, రెండు డాలర్లు ఎక్కువైనా మంచిదే.

రూల్స్ మాత్రం అస్సలు లైట్ తీస్కోకు. 16 ఏండ్లు దాటినోళ్ళు లైసెన్స్ తీస్కోవాలె, ఆన్‌లైన్‌ల ఇస్తరు, బయటోళ్ళకు వేరే ఫీజు. మంచు లేనప్పుడు మనిషికి ఒక్కటే గాలం. మిల్ లాక్స్‌కు వేరేగ రూల్స్ పెడ్తరు, ఎన్ని ఉంచుకోవచ్చు, ఏ సైజువి ఉంచుకోవచ్చు అన్నది అప్పుడప్పుడు మారుతది, పోయే ముందు డీఎన్ఆర్ (అక్కడి సహజ వనరుల శాఖ) సైటుల చూడు. మిగిలిన మిన్నోలు, జలగలు చెరువుల పారబోస్తే నేరం, చెత్తడబ్బాలనే వెయ్యాలె. చెరువు ఇడిచేటప్పుడు బకెట్ల ఆ చెరువు నీళ్ళు ఉండొద్దు, మిన్నోలు ఉంచుకుంటవంటే ఇంటినుంచి క్యాన్‌ల వేరే నీళ్ళు తీస్కపోయి మార్చుకో.