రిఫ్‌ను 'పల్లవి' అనొచ్చా? బ్లాక్ సబాత్ వ్యాసంలో ఒక మాట

పదసేకరణ:
ఇంగ్లండు రాక్ బ్యాండు బ్లాక్ సబాత్ మీద తెలుగు వ్యాసం ఒకటి దిద్దుబాటుకు వచ్చింది. అందులో "టోనీ అయోమీ పల్లవులే ఆ బ్యాండుకు ప్రాణం" అని ఉంది. రిఫ్ అన్నచోటల్లా పల్లవి అనే పెట్టారు. చదవడానికి ఇంపుగానే ఉంది, అర్థం కుదిరిందా?

తీగలపెట్టె:
కుదరలేదండీ. పల్లవి నోటితో పాడేది, చరణం అయ్యాక మళ్ళీ ఎత్తుకునేది. రిఫ్ వాయిద్యానిది. నాలుగైదు స్వరాల ముక్క, గాయకుడు చరణం పాడుతున్నా కింద తిరుగుతూనే ఉంటుంది. ఆ వాక్యం చదివితే గిటారు వాయించే అయోమీని గాయకుడనుకుంటారు. పాడింది ఆజీ ఆస్బర్న్, మాటలు ఎక్కువగా రాసింది బేస్ వాయించిన గీజర్ బట్లర్.

పొరపాటు ఎక్కడ పుట్టి ఉంటుందో ఊహించొచ్చు. 1970లో వచ్చిన 'పారనాయిడ్' ఆల్బంలో 'ఐరన్ మ్యాన్' ఉంది. అందులో గొంతు గిటారు వెంటే నడుస్తుంది. రిఫ్ వరసే పాట వరస. అది విని పల్లవి అంటే తప్పుపట్టలేం. కానీ 1979లో ఆజీని తీసేశారు, రానీ జేమ్స్ డియో వచ్చాడు. 1980 నాటి 'హెవెన్ అండ్ హెల్' ఆల్బం వినండి. గిటారు దారి గిటారుది, గొంతు దారి గొంతుది. మనం పెట్టే మాట ఈ రెండు దశలకూ నప్పాలి.

రాగమాలిక:
'సంగతి' అంటే?

తీగలపెట్టె:
అది పూర్తిగా ఎదురు. సంగతి అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడటం. రిఫ్ బలమంతా మారకపోవడంలో ఉంది.

రాగమాలిక:
అయితే లెహరా దగ్గరగా ఉంటుంది. తబలా సోలోకి సారంగి మీదో హార్మోనియం మీదో ఒక ఆవర్తం వరస ఆపకుండా వాయిస్తారు, అది. కాకపోతే లెహరా పని తాళం పట్టుకుని కూర్చోవడం, వినేవాళ్ల దృష్టి తబలా మీద ఉంటుంది. ఇక్కడ తిరిగేదే కథానాయకుడు. పైగా ఆ మాట తెలుగు పాఠకుల్లో ఎందరికి తెలుసు?

పల్లెపదం:
దరువు ఉండగా అంత దూరం ఎందుకు? డప్పు మీద పెళ్ళి ఊరేగింపుకు ఒక దరువు, చావుకు ఒక దరువు. రెండు దెబ్బలు వినగానే ఊళ్ళో ఏం జరుగుతోందో తెలుస్తుంది. రిఫ్ కూడా అంతే కదా, రెండు స్వరాలకే పాట ఏదో పట్టేస్తారు. కూచిపూడిలో ప్రవేశ దరువు పాత్రను పరిచయం చేసినట్టు.

రాగమాలిక:
ప్రవేశ దరువుకు సాహిత్యం ఉంటుంది. డప్పు దరువులో స్వరం లేదు. ఒకటి ఎక్కువైంది, ఇంకొకటి తక్కువైంది.

పల్లెపదం:
సరే, 'తీగదరువు' అందాం.

తీగలపెట్టె:
మాట ముచ్చటగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఈ బ్యాండు రిఫ్‌లలో స్వరం ఎంత పని చేస్తుందో చూస్తే దరువు అనబుద్ధి కాదు. బ్యాండు పేరే పెట్టుకున్న మొదటి పాట (ఆల్బం విడుదల 1970 ఫిబ్రవరి 13) తీసుకోండి. మూడే స్వరాలు: మంద్రంలో స, పైన స, అక్కడి నుంచి ప్రతిమధ్యమానికి (పంచమానికి సరిగ్గా కిందుండే మ) దిగి ఆ స్వరాన్ని ఊపుతూ నిలబెట్టడం. ప్రతిమధ్యమం కల్యాణిలోనూ ఉంది, అక్కడ ఎవరూ భయపడరు. పక్కనే గాంధారం, పంచమం ఉండి దాన్ని మోస్తాయి. ఇక్కడ ఆ రెండూ లేవు, నడక నత్తనడక. వినేవాడు పంచమం కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాడు.

వ్యాసంలో ఇంకో తప్పు కూడా ఉంది. "గిటారు బిగువు పెంచి బరువైన ధ్వని సాధించారు" అని రాశారు. జరిగింది తగ్గించడం. అయోమీ ఎడమచేతివాటం మనిషి, తీగలు నొక్కేది కుడిచేత్తో. 17 ఏళ్ళప్పుడు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద పడి ఆ చేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. తొడుగు వేసిన వేలికి తీగ స్పర్శ తెలియదు, ఎంత నొక్కాలో అందదు. అందుకే సన్నతీగలు, బాంజో తీగలతో సహా. 1971 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బంలో కొన్ని పాటలకు శ్రుతి మూడు అర్ధస్వరాలు దించాడు. లెక్క చూడండి: అడుగుతీగ సుమారు 82 హెర్ట్జ్ నుంచి 69కి వస్తుంది, అదే తీగకు బిగువు దాదాపు 29 శాతం పడిపోతుంది. వేలికి సుఖం, ధ్వనికి లోతు. చిక్కు కూడా ఉంది: వదులైన సన్నతీగ మెట్టుకు తగిలి జరజరమంటుంది, కాస్త గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోయి అపశ్రుతి అవుతుంది. బేస్ కూడా దించి అదే రిఫ్ వాయిస్తే ఆ వదులుతనం నిండుగా వినిపిస్తుంది.

అన్నట్టు స-ప మాత్రమే కలిపి మోగించడం (పవర్ కార్డ్) కూడా గుర్తుంచుకోండి. యాంప్లిఫయర్ గరగరలాడేట్టు పెట్టినప్పుడు గాంధారం కూడా కలిపితే స్వరాలు ఒకదాన్నొకటి చెరుపుకుని బురదైపోతాయి. స-ప శుభ్రంగా నిలబడతాయి. శ్రుతిపెట్టె మోగించే జంటే అది.

పదసేకరణ:
ఈ బ్యాండు సంగీత శైలి పేరు 'హెవీ మెటల్' దగ్గర 'భారలోహ సంగీతం' అని ఉంది.

రాగమాలిక:
సీసం, పాదరసం గుర్తొస్తాయి. హెవీ మెటల్ అనే ఉంచండి.

పల్లెపదం:
తీగదరువును వదిలేస్తున్నాను, బాధగానే. మరి రిఫ్ అని రాస్తే బహువచనం? 'రిఫ్లు' అని అచ్చయితే ఫ్లూ జ్వరంలా కనిపిస్తుంది.

పదసేకరణ:
రెండు దారులు. ఒకటి, ఫ్ తర్వాత జడ్‌డబ్ల్యూఎన్‌జే (పక్క హల్లుతో కలవకుండా ఆపే కనపడని అక్షరం) కొట్టి 'రిఫ్‌లు' అని విడదీయడం. కాపీ చేసి వేరే సాఫ్ట్‌వేర్‌లో అతికించినప్పుడు ఆ కనపడని అక్షరం ఎగిరిపోయి మళ్ళీ ఫ్లూ పట్టుకుంటుంది. రెండోది మన పాత పద్ధతి. హ్రస్వం తర్వాత హల్లు ద్విత్వమై ఉకారం చేరుతుంది: బస్సు, కప్పు, జిప్పు. దీర్ఘమైతే ద్విత్వం రాదు: కారు, గేటు. ఆ లెక్కన రిఫ్ఫు. రిఫ్ఫులు, రిఫ్ఫులో, రిఫ్ఫుతో. విభక్తులన్నీ హాయిగా అతుకుతాయి. బేకరీలో పఫ్ఫు అడిగే నోటికి రిఫ్ఫు బరువు కాదు. నా ఓటు దీనికి.

వాక్యం ఇలా మార్చాను: "బ్లాక్ సబాత్ పాటలు చాలామటుకు అయోమీ రిఫ్ఫుల మీద నిలబడ్డాయి. 1971లో అతను గిటారును ఒకటిన్నర శ్రుతి దించాడు."

తీగలపెట్టె:
"చాలామటుకు" మంచి పని. 1972 'వాల్యూమ్ 4'లోని పియానో పాట 'చేంజెస్'లో గిటారు రిఫ్ఫే లేదు.

రెండో వాక్యమే జాగ్రత్త. మన హార్మోనియం లెక్కలో ఒకటిన్నర శ్రుతి అంటే స్థానం, దూరం కాదు (ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ). గిటారు అడుగుతీగ మామూలుగా మూడు శ్రుతి, అతను దించింది ఒకటిన్నర శ్రుతికి. దించిన దూరం కూడా ఒకటిన్నర స్వరమే కావడంతో ఇక్కడ తప్పు బయటపడలేదు. ఇంకో బ్యాండు ఒక స్వరం దించితే వచ్చేది రెండు శ్రుతి. అప్పుడు "రెండు శ్రుతి దించారు" అని రాస్తే లెక్క తప్పుతుంది. "ఒకటిన్నర శ్రుతికి" అని ఆ 'కి' చేర్చండి.