ఎలుకల్లో మృదులాస్థి రక్షణ పరీక్ష: ఎంఐఏ ఇంజెక్షనా, డీఎంఎం సర్జరీనా?

నమస్తే. ఫార్మకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక మూలికా సారం మోకాలి మృదులాస్థిని నిజంగా కాపాడుతోందా, లేక నొప్పి మాత్రమే తగ్గిస్తోందా అన్నది ఎలుకల్లో తేల్చాలి.

ఎలుక మోకాలిలో ఆర్థ్రైటిస్ తెప్పించడానికి మా ల్యాబ్‌లో అందరూ మోనోసోడియం అయోడోఅసిటేట్ (ఎంఐఏ) ఇంజెక్షన్ తేలిక అంటున్నారు. కానీ అది గ్లైకాలిసిస్‌ను (కణాలు గ్లూకోజ్ నుంచి శక్తి తీసుకునే ప్రక్రియను) ఆపేసి మృదులాస్థి కణాలను నేరుగా చంపేస్తుంది. డోసు ఎక్కువైతే ఇక మందు కాపాడటానికి ఏం మిగులుతుంది? మెనిస్కస్‌ను (మోకాలి కీలులో దిండులా ఉండే భాగాన్ని) పట్టి ఉంచే లిగమెంట్ కోసే డీఎంఎం సర్జరీలో నష్టం నెమ్మదిగా, మనుషుల్లో దెబ్బ తగిలాక వచ్చే ఆర్థ్రైటిస్‌కు దగ్గరగా సాగుతుంది. నా మనసు దానివైపే ఉంది. అయితే మా దగ్గర ఆ సర్జరీ చేసినవాళ్లు లేరు, అదే టెన్షన్.

ఎంఐఏనే వాడాల్సి వస్తే 3 మి.గ్రా. బదులు 1 మి.గ్రా. లేదా ఇంకా తక్కువ ఇచ్చినవాళ్లు ఉన్నారా? మందు ఇంజెక్షన్‌కు ముందే మొదలుపెట్టారా, నష్టం మొదలయ్యాకా?

ఇంకొకటి. మైక్రోస్కోప్ కింద చూడటానికి మోకాలిని యాసిడ్‌తో డీకాల్సిఫై చేస్తే (ఎముకలోని కాల్షియం తీసేస్తే) మృదులాస్థికి పట్టే సఫ్రానిన్-ఓ రంగు పలచబడుతుందని, కాల్షియంను నెమ్మదిగా లాగే ఈడీటీఏ వాడాలనుకుంటున్నాను. ఎలుక మోకాలికి ఎన్ని వారాలు పట్టింది? ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు రాస్తున్నాను, ఒక్క ఎలుక ప్రాణం కూడా వృథా కాకూడదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.