అప్‌డేట్: మా పక్షులు ఆర్కిటిక్ నుంచి రంభకు తిరిగొచ్చాయి

బరంపురం స్టూడెంట్లం ఒడిశాలోని చిలికా సరస్సు ఒడ్డున, రంభ దగ్గర లెక్కపెట్టిన పక్షుల పాయింట్లన్నీ క్యూజీఐఎస్ (మ్యాప్‌లు గీసే సాఫ్ట్‌వేర్) మ్యాప్‌లో ఆర్కిటిక్ సముద్రంలో పడుతున్నాయని పోయిన వారం అడిగాను కదా, సంగతి తేలింది. ఎక్స్ గడిలో రేఖాంశం (85.1), వై గడిలో అక్షాంశం (19.5) ఉండాలి. మేం తిరగేశాం. సూదితోక బాతులు సైబీరియా వైపు నుంచి వస్తాయి నిజమే గానీ, మేం వాటిని ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల అవతలికి తోలేశాం! ఆ గడులు చూడమని సలహా ఇచ్చిన అన్నకు దండాలు.

అది సర్దాక అసలు తప్పు బయటపడింది. ఒకే గుంపును రెండు జట్లు చెరోవైపు నుంచి లెక్కేశాయి. ఫోన్ జీపీఎస్ రాసేది మేం నిలబడ్డ చోటు, పక్షి ఉన్న చోటు కాదు. అందుకే చుక్కలు దూరదూరంగా ఉన్నాయి, టైమ్ మాత్రం ఒకటే. రెండోసారి లెక్కేసినవి తీసేస్తే లెక్క బాగా తగ్గింది, కాస్త బాధేసింది. ఈసారి దిక్కు, దూరం కూడా రాసుకుంటాం.