33 ఏళ్లు, మెడికల్ రెప్, కడప: డేటా అనలిటిక్స్‌కు మారొచ్చా?

బ్యాగు_కడప:
బీఎస్సీ కెమిస్ట్రీ చదివి రెప్‌గా చేరాను. కడప హెడ్‌క్వార్టర్, ప్రొద్దుటూరు, రాయచోటి, బద్వేలు తిరుగుడు. రాత్రి పది దాకా డాక్టర్ గది బయట నిలబడే ఓపిక అయిపోయింది. ఎక్సెల్ బాగానే వచ్చు, డేటాబేస్‌లోంచి లెక్కలు తీసే భాష ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టాను. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు "టెన్షన్ ఎందుకు సార్, ఉద్యోగం మా పూచీ" అంటున్నారు. ఉన్న ఉద్యోగం మానేసి పోయి చేరాలా? ఇద్దరు పిల్లలు, ఇంటి లోను ఉంది.

పాతబస్టాండు:
లోను ఉందంటున్నావు. మానొద్దు. అంతే.

సీమ_టు_సిల్క్‌బోర్డ్:
మాది అనంతపురం, బెంగళూరులో అనలిస్టుని. ఇంటర్వ్యూలు కూడా చేస్తుంటాను. నేను అడిగేది ఒకటే. కస్టమర్ల పట్టిక, ఆర్డర్ల పట్టిక ఇచ్చి, ఈ నెల ఆర్డరు ఇవ్వనివాళ్లతో సహా అందరి లిస్టూ తీయమంటాను. లెఫ్ట్ జాయిన్ అందరూ రాస్తారు, అంటే ఆర్డరు లేకపోయినా కస్టమర్లందరినీ ఉంచి రెండు పట్టికలూ కలపడం. ఆ తర్వాత ఆర్డరు తేదీ కండిషన్ పట్టుకెళ్లి, కలిపాక వడకట్టే 'వేర్'లో పెడతారు. ఇంకేముంది, ఈ నెల ఆర్డరు లేనివాళ్లంతా ఎగిరిపోతారు. పేరుకు లెఫ్ట్ జాయిన్, వచ్చేది రెండు పట్టికల్లోనూ ఉన్నవాళ్లనే చూపే ఇన్నర్ జాయిన్ ఫలితం. ఆ కండిషన్ పట్టికలు కలిపేచోట రాసే 'ఆన్'లో ఉండాలి. మూడు నెలల కోర్సుతో ఇది ఒంటబట్టదు.

కందనవోలు_కారం:
ఈ ఒక్క ప్రశ్నతో మనిషిని తేల్చేస్తారా? నేను కర్నూల్లో హోల్‌సేల్ మందుల షాపులో అకౌంట్లు చూశాను. రెప్‌కు తెలిసింది మీకు తెలుసా? కంపెనీ దగ్గర కొని షాపులకు అమ్మే స్టాకిస్టు అసలు అమ్మకం ఎంతంటే, ఓపెనింగ్ స్టాకుకు కొన్నది కలిపి క్లోజింగ్ స్టాకు తీసేయాలి. నెలాఖరున టార్గెట్ కోసం స్టాకిస్టు మీద సరుకు రుద్దుతారు. కంపెనీ బిల్లింగ్ చూస్తే గ్రాఫు పైకి పోతుంది, మందు మాత్రం గోడౌన్‌లోనే ఉంటుంది. కొన్నాళ్లకు ఎక్స్‌పైరీ పేరుతో వెనక్కి వస్తుంది. మీ అనలిస్టు దాన్ని గ్రోత్ అనుకుని గ్రాఫులు గీసే పవర్ బీఐలో పచ్చరంగు వేస్తాడు.

సీమ_టు_సిల్క్‌బోర్డ్:
ఆన్, వేర్ తేడా తెలియనివాడు మీ లెక్క కూడా తప్పే తీస్తాడు. ఈ నెల కొనని స్టాకిస్టు లిస్టులోంచే మాయమవుతాడు. సరుకేమో వాడి గోడౌన్‌లోనే ఉంటుంది.

కందనవోలు_కారం:
వేర్‌లోనే పెట్టి 'తేదీ నల్ (ఖాళీ) అయినా సరే' అని ఇంకో ముక్క తగిలిస్తే?

సీమ_టు_సిల్క్‌బోర్డ్:
కుదరదు. పోయిన నెల కొని ఈ నెల కొననివాడికి తేదీ నల్ కాదు, పోయిన నెలది ఉంటుంది. వాడు రెండు కండిషన్లలోనూ పడడు.

పాతబస్టాండు:
ఆయన పిల్లలు, లోను అంటున్నాడు. మీరింకా వేర్ దగ్గరే ఉన్నారు.

అనంత_వేరుశనగ:
ఇన్‌స్టిట్యూట్‌కు డబ్బు తగలేయడం ఎందుకు? ఐఐటీల ఆన్‌లైన్ ఎన్‌పీటీఎల్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం. మైఎస్‌క్యూఎల్ ఉచితం. కాగుల్ సైటులో కావలసినంత డేటా.

కందనవోలు_కారం:
నేర్చుకోవడం ఉచితమే, ఇంటర్వ్యూకు పిలిచేదెవరు? మా తమ్ముడు ఫార్మసీ చదివి ఇవన్నీ ఇంట్లోనే నేర్చుకున్నాడు, ప్రాజెక్టులు చేశాడు. ఒక్క ఫోను రాలేదు. 'ఎక్స్‌పీరియన్స్ ఎంత' అన్న దగ్గరే ఆగిపోయేది. చివరికి ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెజ్యూమెలో రెండేళ్ల అనుభవం పెట్టి పంపారు. అప్పుడు మోగింది ఫోను. చేరాక వాడికి పని రాదని ఎవరూ అనలేదు.

సీమ_టు_సిల్క్‌బోర్డ్:
ఇదన్నమాట సంగతి. లేని అనుభవం రాయించుకున్నారు. నా మంటంతా అదే. మా చెల్లెలు స్టాటిస్టిక్స్‌లో పీజీ చేసింది, ఫ్రెషర్‌నని ఉన్నదున్నట్టు రాసింది. పక్కవాడు మూడేళ్లని అబద్ధం రాశాడు. ఉద్యోగం ఎవరికొచ్చిందో చెప్పాలా? పీఎఫ్ నంబరు యూఏఎన్ చూస్తే ఏ కంపెనీ ఎప్పటి నుంచి పీఎఫ్ కట్టిందో కనిపిస్తుంది. వెరిఫికేషన్‌లో అడుగుతున్నారు కూడా. మీ తమ్ముడు రేపు ఇంకో కంపెనీకి మారితే?

కందనవోలు_కారం:
నా తమ్ముడి జోలికి రావద్దు. ఎంట్రీ లెవెల్ అని రాసి రెండేళ్ల అనుభవం అడిగేది మీ కంపెనీలు కాదా? తలుపేసి గొళ్లెం పెట్టేది మీరే, గోడ దూకాడని అరిచేదీ మీరే. ఒకటి చెప్పు సామీ. ఈ రెప్ నిజాయితీగా రెజ్యూమె పంపితే నీ దాకా వస్తుందా, హెచ్ఆర్ దగ్గరే ఆగుతుందా?

సీమ_టు_సిల్క్‌బోర్డ్:
ఎక్కువ భాగం అక్కడే ఆగుతుంది. అందుకే బయట ఫ్రెషర్‌గా నిలబడొద్దంటున్నా. మందుల కంపెనీల హెడ్డాఫీసుల్లో అమ్మకాల లెక్కలు తీసే సేల్స్ ఎంఐఎస్ విభాగాలుంటాయి. రెప్‌లు డాక్టర్లను కలిసిన కాల్ రిపోర్టులు, స్టాకిస్టు బయటకు అమ్మే సెకండరీ సేల్స్ అన్నీ చూసేది వాళ్లే. అక్కడ ఫీల్డు అనుభవాన్ని సున్నా కింద కొట్టేయరు. పీఎఫ్ తెగదు, ఈఎంఐ ఆగదు.

కందనవోలు_కారం:
ఈ ముక్క మొదటే చెప్పకుండా జాయిన్ల పరీక్ష పెట్టావు. సరే, హెడ్డాఫీసు ముంబైలో ఉంటే? కడప జీతం మీద కట్టుకున్న ఇల్లు అద్దెకిచ్చి, అక్కడ ఒక గదిలో నలుగురు ఉండాలా?

పాతబస్టాండు:
ఇంటావిడను అడిగారా అసలు?

బ్యాగు_కడప:
అడిగాను. "జీతం ఆగకపోతే ఏమైనా చెయ్యి" అంది. అమీర్‌పేట మాట మానుకున్నా. హెడ్డాఫీసు సంగతి అంటారా, నోరు తెరిస్తే మా ఏరియా మేనేజర్ 'వీడు పోయేవాడే' అని ముద్రేసి మంచి టెరిటరీ ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ముందు నా దగ్గరున్న స్టాకిస్టు స్టేట్‌మెంట్లతో డాష్‌బోర్డు చేసి ఆన్‌లైన్‌లో పెడదామనుకుంటున్నా. పేర్లు తీసేస్తే పర్లేదా అన్నా?

సీమ_టు_సిల్క్‌బోర్డ్:
వద్దు. అది కంపెనీ డేటా. పేర్లు తీసినా మందులు, ఊళ్లు, రేట్లు చూసి పట్టేస్తారు. అంకెలు నువ్వే కల్పించుకో, కల్పించానని పైన రాయి. పద్ధతి కనిపిస్తే చాలు. నెలాఖరు రుద్దుడు కూడా పెట్టు, అదే నీ బలం.

కందనవోలు_కారం:
పెట్టు. 'రుద్దుడు' అని మాత్రం రాయకు, పిలిచేవాళ్లు కూడా పిలవరు.