రెండో సిలిండర్ ఒక్కటే మిస్ అవుతోంది: ముందు కాయిల్ చూడాలా, కంప్రెషనా?

నెమ్మదిబండి:
నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజిన్. ప్లగ్గుకో కాయిల్ (స్పార్కుకు వోల్టేజి ఇచ్చేది). 92 వేల కిలోమీటర్లు తిరిగింది. స్కానర్‌లో పి0302 వస్తోంది, అంటే రెండో సిలిండర్ మిస్ (సరిగా మండకపోవడం). పొద్దున చల్ల ఇంజిన్ స్టార్ట్ చేస్తే శుభ్రంగా ఉంటుంది. వేడెక్కాక ఐడ్లింగ్‌లో వణుకు మొదలవుతుంది. 2,000 ఆర్‌పీఎం దాటితే మాయం. ప్లగ్గులు నాలుగూ కొత్తవే వేశాను, గ్యాప్ 1 మి.మీ. తర్వాత ఏది విప్పాలి?

చేతిపానా:
ఇందులో ఆలోచించేదేముంది? కాయిల్. ఇగ్నిషన్ ఆపి రెండో దాని కాయిల్ మూడోదానికి, మూడోది రెండోదానికి వెయ్యండి. కోడ్ చెరిపి, మిస్ వచ్చే పరిస్థితిలోనే, అంటే వేడెక్కాక, పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి. పి0303 వస్తే కాయిల్ పోయినట్టే. పి0302నే మళ్లీ వస్తే కాయిల్ మంచిది, ప్లగ్గును నాలుగోదానితో మార్చండి. ఒకసారి ఒక్క వస్తువే కదపాలి, రెండూ కలిపి మారిస్తే ఏది తప్పో తేలదు.

కాయిల్ తీసినప్పుడు కింది రబ్బరు బూటు లోపల టార్చి వేసి చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత ఉంటే స్పార్కు అక్కడి నుంచి పక్కకు దూకుతోందని లెక్క. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద కూడా అదే గీత ఉంటుంది. అప్పుడు రెండూ మార్చాల్సిందే. ఒకటి ఉంచితే కొత్తదాన్నీ పాడు చేస్తుంది. గుంటలో నూనె ఉంటే టాపెట్ కవర్ సీళ్లు కారుతున్నాయి.

కొలతమాట:
కోడ్ చెరపమనే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోమనాలి కదండీ. మిస్ దొరికిన క్షణాన ఆర్‌పీఎం ఎంత, లోడు ఎంత, కూలెంట్ వేడి ఎంత అన్నీ అందులోనే ఉంటాయి. చెరిపితే పోతాయి.

ఇక కాయిల్ సంగతి. సిలిండర్లో ఒత్తిడి పెరిగేకొద్దీ స్పార్కు దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. కాబట్టి బలహీనపడిన కాయిల్ ఎక్కువగా ఎత్తు ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు బయటపడుతుంది. ఈయనకు అందుకు తిరగబడి ఉంది: ఐడ్లింగ్‌లో వస్తోంది, ఆర్‌పీఎం పెంచితే పోతోంది. అది గాలి లీకు లక్షణం, లేదా వాల్వు సరిగా మూసుకోని లక్షణం. ముందు కంప్రెషన్ చూడండి, అంటే సిలిండర్ ఒత్తిడి నిలుపుతోందో లేదో.

చేతిపానా:
కాయిల్ వేడికి పోదా? లోపలి తీగచుట్టలో పగులు వేడెక్కాకే విచ్చుకుంటుంది. చల్లగా బాగుండి వేడెక్కాక మిస్ అయ్యేవాటిలో మొదట అనుమానించాల్సింది కాయిల్‌నే. ఫ్రీజ్ ఫ్రేమ్ ఒక ఫొటో తీసుకుంటే అయిపోయె. దానికి పాఠం ఎందుకు?

గాలిగుమ్మి:
ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును పెంచే, తగ్గించే శాతం) ఎంత? ప్లస్ 15 అలా ఉంటే ఇంజెక్టర్ మూసుకుపోయినట్టు.

కొలతమాట:
ట్రిమ్‌ను నమ్మకండి. మిస్ అయిన సిలిండర్ నుంచి మండని ఆక్సిజన్ అలాగే బయటికి పోతుంది. సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు చాలట్లేదనుకుంటుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మరింత పోస్తుంది. మిస్ వల్ల ట్రిమ్ పెరిగిందో, పెట్రోలు తగ్గి మిస్ వచ్చిందో ఆ అంకె ఒక్కటీ చెప్పదు.

రోడ్డురోలరు:
సైలెన్సర్ చివర కాగితం ముక్క పట్టి చూడండి. లోపలికి లాగుతుంటే ఎగ్జాస్ట్ వాల్వు.

చేతిపానా:
ఏ మిస్ ఉన్నా కాగితం అదురుతుంది. తాతలనాటి చిట్కాలు వద్దు.

కొలతమాట:
ఈ ఒక్క విషయంలో చేతిపానా మాట నిజం.

నెమ్మదిబండి:
కాయిల్ మార్చి చూశాను, మళ్లీ పి0302నే. ప్లగ్గు నాలుగోదానితో మార్చినా అంతే. బూటులో గీత లేదు, గుంట పొడిగా ఉంది. గాలి లీకు ఉందేమోనని ఇంటేక్ మానిఫోల్డ్ అతుకు చుట్టూ క్లీనర్ స్ప్రే కొట్టినా ఐడ్లింగ్ మారలేదు. చల్ల ఇంజిన్ మీద కంప్రెషన్: 182, 172, 180, 184 పీఎస్ఐ.

చేతిపానా:
చూశారా! 172 ఎక్కడ, 184 ఎక్కడ, ఏడు శాతం కూడా తేడా లేదు. 25 శాతం దాకా ఫర్వాలేదంటారు. ఇంజిన్ బంగారం. ఇక ఇంజెక్టర్ మార్చి చూడండి. కప్లర్ తీసి ఓమ్స్ కొలవండి, ఈ రకంవి ఎక్కువగా 11 నుంచి 16 మధ్య చూపిస్తాయి. నాలుగింటికీ ఒకేలా ఉండాలి.

కొలతమాట:
మిస్ వచ్చేది వేడి మీద, మీరు కొలిచింది చల్లగా. ఆ 172కి అర్థం లేదు. వేడి మీద కొలవండి. నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్, ఇంజెక్టర్ కప్లర్లన్నీ ఊడదీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కోదానికి ఆరేసి స్ట్రోకులు. బ్యాటరీ నిండుగా ఉండాలి. తక్కువ వచ్చినదాంట్లో ఒక టీస్పూను ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు, కదలకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్.

చేతిపానా:
వేడి ఇంజిన్ మీద ప్లగ్గులు తియ్యమంటారా? అల్యూమినియం హెడ్ అది. మరలు ప్లగ్గుతోపాటు ఊడి చేతికొస్తే?

కొలతమాట:
చెయ్యి కాలేంత వేడి మీద అనలేదు. ఆపి ఇరవై నిమిషాలు ఆగితే గోరువెచ్చగా ఉంటుంది. బిగించేటప్పుడు చేత్తో మొత్తం తిప్పి, చివర్లోనే రెంచి వాడాలి. ఇది అందరికీ తెలిసిన సంగతే, భయపెట్టడం దేనికి?

చేతిపానా:
అందరికీ తెలుసా? తెలిస్తే ఇక్కడెందుకు అడుగుతారు? మీది ఎప్పుడూ ఇదే వరస. నేనేం రాసినా కింద వచ్చి "కంప్రెషన్ చూశారా" అంటారు. పోయినసారి పొగ సంగతి వచ్చినప్పుడూ అంతే, ఎయిర్ ఫిల్టర్ చూడమంటే నన్ను వెటకారం చేశారు.

కొలతమాట:
వెటకారం కాదు. ఎదుటివాళ్ల లక్షణం చదవకుండా చేతికందింది మార్చమనడం డయాగ్నసిస్ కాదు, లాటరీ.

చేతిపానా:
అయితే వినండి. నేను చెప్పిన పని ఏదైనా పది నిమిషాల్లో వెనక్కి పెట్టెయ్యొచ్చు. తప్పయినా బండి ఎప్పటిలా ఉంటుంది. మీరు చెప్పేవి కంప్రెషన్, ఆపైన లీక్‌డౌన్ (సిలిండర్లోకి గాలి ఎక్కించి లీకు చూడటం), ఆపైన టాపెట్ కవర్, చివరికి హెడ్. చేతిలో ఒక పానాల పెట్టె, స్కానర్ తప్ప ఏమీ లేని మనిషికి స్క్రీన్ మీద రాసి అంత లోతుకు దింపొచ్చా? మర ఊడితే, చైన్ పన్ను దూకితే మీరొచ్చి సరిచేస్తారా? నా గొడవ కాయిల్ గురించి కానే కాదు.

కొలతమాట:
ఇది ముందే చెప్పి ఉంటే సగం తగవు ఉండేది కాదు. నా గొడవా కంప్రెషన్ కాదు. మిస్ ఉండగానే నెలల తరబడి తిప్పితే మండని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి మండుతుంది, అది కరిగిపోతుంది. వాల్వు కొద్దిగా తెరుచుకుని ఉంటే దాని అంచు కాలిపోతుంది. ఆలస్యం కూడా వెనక్కి పెట్టలేని పనే.

రోడ్డురోలరు:
చెక్ ఇంజిన్ లైటు ఆరి వెలుగుతుంటే మాత్రం బండి తీయొద్దు, ఇద్దరూ ఒప్పుకుంటారనుకుంటా.

నెమ్మదిబండి:
లైటు నిలకడగానే ఉంది. వేడి మీద కొలిచాను: 186, 160, 184, 188. ఆయిల్ పోశాక రెండోది 163. ఒక మాట చెప్పడం మరిచాను, బండికి గ్యాస్ కిట్ ఉంది. ఎక్కువ గ్యాస్ మీదే నడుపుతాను. పెట్రోలుకు మార్చినా మిస్ అలాగే ఉంది.

చేతిపానా:
ఇది మొదటి పోస్టులో రాయాల్సిన మాట కదా సామీ!

కొలతమాట:
రెండు ఇంధనాల మీదా ఉందంటే ఇంజెక్టర్ సంగతి ఇక్కడితో ముగిసింది. గ్యాస్‌కు, పెట్రోలుకు ఇంజెక్టర్లు వేరు వేరు, రెండూ అదే సిలిండర్లో ఒకేసారి పాడవవు. కాయిల్, ప్లగ్గు మీరే మార్చి చూశారు.

160 అంటే 15 శాతం తక్కువ, 25 లోపే. ఇక్కడ నా టెస్టు కూడా చాలలేదు, ఒప్పుకుంటున్నా. ఇంజిన్ నడిచేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు ఎర్రగా కాలి పొడుగవుతుంది. ఆపగానే చల్లబడి మళ్లీ కుదించుకుంటుంది. అందుకే గేజ్‌లో కొంతే కనబడుతుంది. గ్యాస్ పొడిగా మండుతుంది, వాల్వు సీటు నెమ్మదిగా అరిగి వాల్వు పైకి జరుగుతుంది, టాపెట్ గ్యాప్ (వాల్వును తెరిచే క్యాముకూ వాల్వుకూ మధ్య ఖాళీ) తగ్గుతూ పోతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆర్‌పీఎం పెరిగితే లీకవడానికి టైము చాలదు, అందుకే 2,000 దాటాక మాయం. మీ ఇంజిన్‌కి హైడ్రాలిక్ టాపెట్లు (గ్యాప్‌ను తమంతట తామే సరిచేసుకునేవి) లేకపోతే, టాపెట్ కవర్ తీసి ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే సన్నని బ్లేడ్లు) పెట్టండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక.

నెమ్మదిబండి:
షిమ్ రకం, అంటే సన్నని బిళ్ల మందం మార్చి గ్యాప్ సరిచేసేది. మాన్యువల్లో ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. నావి: 0.20, 0.06, 0.18, 0.22. ఇంటేక్ అన్నీ సరిగ్గా ఉన్నాయి.

కొలతమాట:
రెండోదానిలో ఉన్న షిమ్ మైక్రోమీటర్‌తో కొలవండి. 2.70 ఉందనుకుంటే, దానికి ఇప్పటి గ్యాప్ 0.06 కలిపి 0.30 తీసేస్తే 2.46. దగ్గరి సైజు 2.45 దొరికితే గ్యాప్ 0.31 అవుతుంది, చాలు. మిగతా మూడూ తక్కువే ఉన్నాయి, క్యామ్ ఎలాగూ విప్పుతారు, ఒకేసారి సరిచేయండి. సరిచేశాక కూడా మిస్ ఉంటే వాల్వు అంచు కాలినట్టు. అప్పుడు హెడ్ దింపక తప్పదు.

చేతిపానా:
విప్పే ముందు ఒకటో పిస్టన్ టాప్‌లో పెట్టి, చైన్ లింకుకూ క్యామ్ గేరు పన్నుకూ కలిపి పెయింటు చుక్క పెట్టండి. టెన్షనర్‌కు పిన్ను గుచ్చాకే బోల్టులు వదలండి. క్యామ్ క్యాపులు ఒకేసారి ఊడదీయకుండా ఒక్కో బోల్టు అరచుట్టు చొప్పున వదలండి, లేకపోతే క్యామ్ వంగుతుంది. క్యాపులు తీసిన వరసలోనే పేర్చుకోండి. ఆ 0.06 మాత్రం ఇంకోసారి కొలవండి, క్యామ్ ముక్కు పూర్తిగా అవతలి వైపు తిరిగి ఉందో లేదో చూసి.

నెమ్మదిబండి:
మళ్లీ కొలిచాను. 0.05 బ్లేడు బిగువుగా దూరుతోంది, 0.08 దూరట్లేదు.