అప్‌డేట్: చివరికి థ్రెడ్‌రిప్పర్ కాదు, రైజెన్ తీసుకున్నాను

బ్లెండర్‌ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) రెండరింగ్‌కి, అంటే సీన్‌ని తుది చిత్రంగా మార్చడానికి, వీడియో ఎడిటింగ్‌కి ఏఎండీ వాళ్ల మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ రైజెన్ 9 9950ఎక్స్ సరిపోతుందా, లేక వాళ్లదే వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ థ్రెడ్‌రిప్పర్ 7960ఎక్స్‌కి వెళ్లాలా అని ఇక్కడ అడిగాను కదా. 9950ఎక్స్ కొన్నాను. రెండు నెలలైంది.

రైజెన్‌లో 16 కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు), థ్రెడ్‌రిప్పర్‌లో 24 కోర్లు అన్న లెక్క మీదే నా దృష్టంతా ఉండేది. అసలు తేడా చిప్ చుట్టూ ఉన్నవాటిలో ఉందని మీలో ఒకరు చెప్పాకే బుర్రకెక్కింది. 7960ఎక్స్‌కి మామూలు ర్యామ్ పనికిరాదు, సర్వర్లలో వాడే ఖరీదైన రిజిస్టర్డ్ రకం ర్యామే కావాలి. మదర్‌బోర్డు వేరే, కూలర్ వేరే. పైగా 170 వాట్ల చోట 350 వాట్లు! మా ఇంట్లో ఏసీ బిల్లుకే గొడవలు అవుతుంటాయి.

ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ హాయిగా కదులుతోంది. ఒక్కో కోర్ వేగం ముఖ్యమైన పనుల్లో 5.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే ఈ చిప్‌దే పైచేయి. బరువైన రెండరింగ్ ఎలాగూ గ్రాఫిక్స్ కార్డే చేస్తోంది.

తప్పు చేసింది ర్యామ్ విషయంలో. ఆశకొద్దీ నాలుగు స్టిక్కులు పెట్టించాను. వేగం 3600కి పడిపోయింది. పాడైన ముక్కలు అంటగట్టారేమోనని షాపువాడితో వాదించాను కూడా, పాపం. తీరా చూస్తే ఈ ప్రాసెసర్‌కి నాలుగు స్టిక్కులతో ఏఎండీ హామీ ఇచ్చేదే అంత. రెండైతే 5600. ఇప్పుడు 48 జీబీవి రెండే ఉన్నాయి, మొత్తం 96 జీబీ.

రెండు మూడు గ్రాఫిక్స్ కార్డులు పెట్టేవాళ్లు మాత్రం నన్ను చూసి కొనకండి. థ్రెడ్‌రిప్పర్‌లో 48 పీసీఐఈ 5.0 లేన్లుంటే (గ్రాఫిక్స్ కార్డుల్లాంటివాటిని ప్రాసెసర్‌కి కలిపే దారులు), ఇందులో వాడుకోవడానికి మిగిలేవి 24.